బతికున్నవాళ్ళ మీద ఏడుపు

నోరా కమాను ఎత్తి చెల్లో, అదే ఆ నిలువెత్తు ఫిడేలు, తీగ మీద ఆనించిన చోట కదా పోయినవారం మనం ఆగింది. ఐర్లండు నుంచి జంషెడ్‌పూర్ ఆసుపత్రికి వచ్చిన ఆ అమ్మాయి, రేపు పొద్దున్న గుండె ఆపరేషన్ కాబోయే జగ్గారావు మంచం పక్కన కుర్చీ వేసుకుని, 'మీ భాషలో పాటే, వినండి' అన్నట్టు నవ్వింది. ఆమెని తీసుకొచ్చిన ప్రసన్న పక్కనే నిలబడి, ఇన్నాళ్ళ తన తిప్పలు ఫలించాయని లోపల్లోపల మురిసిపోతోంది. జగ్గారావు భార్య జోగమ్మ ఫ్లాస్కులో టీ పట్టుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. పాట మొదలైంది. మొదలైందే గానీ పూర్తి కాలేదు.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. ప్రసన్న ఇదే ఊళ్ళో గోల్‌మురి పేటలో పుట్టిపెరిగిన తెలుగమ్మాయి. తెలుగు మాట్లాడుతుంది గానీ అందులో సగం హిందీయే. ఆసుపత్రిలో రోగుల బాగోగులు చూసే విభాగంలో ఉద్యోగం. ఐర్లండులో కార్క్ అనే ఊళ్ళో ఒక ఆసుపత్రి ఉంది. అక్కడ వార్డుల్లో పాటలు పాడతారు, రోగుల చేత బొమ్మలు వేయిస్తారు, మందుబిళ్ళతోపాటు అదీ ఒక మందే అంటారు. అక్కణ్ణించి ఒక కళాకారిణి ఇక్కడికి రావాలి, ఇక్కణ్ణించి ఒకరు అక్కడికి వెళ్ళాలి అని రెండు ఆసుపత్రులనూ ఒప్పించడానికి ప్రసన్న చెప్పులరిగేలా తిరిగింది. నోరా వచ్చాక వార్డు తీరే మారిపోయింది. పారేసే ఎక్స్‌రే ఫిల్ముల మీద రోగులు రంగులతో వేసిన చేపలూ రైలింజన్లూ కిటికీలకు వేలాడుతున్నాయి. మొదట్లో 'ఇది ఆసుపత్రా, అంగన్‌వాడీయా' అని ఎగతాళి చేసిన డాక్టర్ శివశంకర్ కూడా, ఆపరేషన్‌కి ముందు సంగీతం విన్న రోగుల బీపీ నిలకడగా ఉంటోందని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, ఎక్కడైనా తేడా వచ్చిందో, ఆ రోజే అంతా మూసేస్తానని ప్రసన్నకి చెప్పి ఉంచాడు.

ఎవరి పాట వాళ్ళకి వాయించాలని నోరా పట్టు. సంతాలీవాళ్ళకి సంతాలీ పాట, భోజ్‌పురీవాళ్ళకి భోజ్‌పురీ పాట దొరికాయి. తెలుగు పాట కోసం చూస్తూంటే, మొన్న సాయంత్రం వెనకవైపు మెట్ల మీద ఒంటరిగా కూర్చుని రాగం తీస్తున్న జోగమ్మ కనబడింది. నోరా ఫోనులో పట్టుకుంది. "రికార్డు చేసుకున్నాం పిన్నీ, పర్వాలేదా?" అని ప్రసన్న అడిగితే, జోగమ్మ ఉలిక్కిపడి, కొంగుతో మొహం తుడుచుకుని, ఔననీ కాదనీ అనకుండా లేచి వెళ్ళిపోయింది. మొహమాటం కాబోలు అనుకుంది ప్రసన్న. ఇదేం పాట అని నోరా అడిగింది. ప్రసన్న క్షణం కూడా ఆలోచించలేదు. జోలపాట అని చెప్పేసింది. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ సూరమ్మ తనని ఒళ్ళో వేసుకుని ఊపుతూ సరిగ్గా ఈ రాగమే తీసేది మరి. ఆ రాగం వింటూ ఎన్ని మధ్యాహ్నాలు నిద్రపోయిందో లెక్కే లేదు.

ఇక ఇవాళ్టి సంగతికొద్దాం. మొదటి వరస ఇంకా ముగియనైనా లేదు, మత్తుగా పడుకున్న జగ్గారావు కళ్ళు తెరిచాడు. ఆ పెద్ద వాద్యం వైపు చూశాడు, తర్వాత గుమ్మంలో భార్య వైపు చూశాడు. జోగమ్మ మొహం చూశాక ఆయనకి ఇక సందేహం మిగల్లేదు. ఛాతీకి అంటించిన వైర్లను గుప్పెట పట్టి పీకేశాడు. మిషను కీచుమంది. నర్సు జానకి పరుగెత్తుకొచ్చింది. నోరా చెయ్యి ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ఆయన మాత్రం మంచం మీంచి కాళ్ళు దించి, చెప్పుల కోసం పాదాలతో తడుముకుంటున్నాడు.

"బట్టలు సర్దు," అన్నాడు భార్యతో. "ఇంటికెల్లిపోదాం."

ప్రసన్న గాభరాగా ఆయన భుజం పట్టుకుంది. ఏమైంది బాబాయ్, జోలపాటే కదా, నచ్చకపోతే ఆపేయిస్తాను అంది. ఆయన ఆమె మొహంలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది ప్రసన్న.

"జోలపాట కాదమ్మా ఇది. శవం కాడ ఆడోల్లు తీసే రాగం," అన్నాడు జగ్గారావు. "బతికుండగానే నా ఏడుపు నానే ఇనీసినాను. ఇంకా నాకీ కోత ఎందుకు?"

శ్రీకాకుళం వైపు నుంచి బతుకుతెరువు కోసం టాటానగర్, అదే ఈ జంషెడ్‌పూర్, చేరిన రైల్వే కుటుంబాల్లో, ఇల్లు మారింది, తిండి మారింది, పిల్లల నోట భాష కూడా మారింది గానీ ఈ ఒక్కటీ మారలేదు. మనిషి పోతే ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు. పోయిన మనిషి మంచీ చెడ్డా, పడ్డ కష్టం, పడకుండా పోయిన సుఖం అన్నీ ఆ రాగంలో పెట్టి చెప్తారు. ఆ రాగం శవం దగ్గరే తీయాలి. ఊరికే ఇంట్లో పనిచేసుకుంటూ తీయకూడదు. తెలియక చిన్నపిల్ల ఎవరైనా తీస్తే మూతి మీద ఒకటి పడుతుంది. అలాంటిది ఆసుపత్రి మంచం పక్కన, రేపు కోతకి వెళ్ళే మనిషి తల దగ్గర కూర్చుని తీస్తే ఇంకేముంది!

ప్రసన్నకి అప్పుడు గుర్తొచ్చింది. నాయనమ్మ అలా రాగం తీస్తూంటే వంటింట్లోంచి అమ్మ కేకలేసేది, 'పిల్ల ఒళ్ళో ఉండగా ఆ రాగం ఏటత్తా' అని. అప్పటికి తాతయ్య పోయి ఎంతో కాలం కాలేదు. సూరమ్మ మొగుడి కోసం రోజూ ఏడ్చేది, ఏడుస్తూ ఊగేది, ఆ ఊపుకి ఒళ్ళో పిల్ల నిద్రపోయేది. ఇన్నేళ్ళూ తను జోల అనుకున్నది చావు ఏడుపన్నమాట. తెలిసీ తెలియని తెలుగుతో ఎంత పని చేశాను అని ప్రసన్నకి సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. భయం కూడా వేసింది. ఈయన లేచి వెళ్ళిపోతే ఆ పాపం నేరుగా తనదే.

ఇంగ్లీషులో నోరాకి విషయం చెప్పింది. నోరా చెల్లోని గోడకి ఆనించి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. వాళ్ళ దేశంలోనూ పూర్వం ముసలమ్మలు శవం దగ్గర ఇలాగే రాగం తీసేవారట, ఆ రాగం విన్న మొదటి రోజే తనకి అనుమానం వచ్చిందట, నువ్వు జోలపాట అన్నావని నమ్మాను అంది. నిందిస్తున్నట్టు అనలేదు. అయినా ప్రసన్నకి ఆ మాట సూటిగా తగిలింది.

ఈలోగా డాక్టర్ శివశంకర్ వచ్చాడు. గుండె కవాటం సన్నబడిపోయిందనీ, రేపు తప్పితే ఆపరేషన్ బల్ల మళ్ళీ ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియదనీ, ఇంటికెళ్తే ఏ క్షణానైనా ఏమైనా కావచ్చనీ జగ్గారావుకి విడమరచి చెప్పాడు. జగ్గారావు బుద్ధిగా విన్నాడు. విని, 'మీ మీద నాకేటీ కోపం నేదు బాబూ' అని దణ్ణం పెట్టాడు. ఇష్టం లేని మనిషిని నేను బల్ల ఎక్కించను అని డాక్టరు ప్రసన్నని పక్కకి పిలిచి చెప్పాడు. సాయంత్రం రౌండ్స్‌కి వచ్చేసరికి ఔనో కాదో తేలాలన్నాడు. కాదంటే మనిషి దక్కడని కూడా అన్నాడు. అక్కణ్ణించి వెళ్ళబోతూ గోడకి ఆనించిన చెల్లో వైపు ఒకసారి చూశాడు, అంతే. ఆ చూపుకి అర్థం ప్రసన్నకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, మందులు తేవడానికి వెళ్ళిన కొడుకు మహేష్ అప్పుడే తిరిగొచ్చాడు. టాటానగర్‌లోనే రైల్వే ఉద్యోగం వాడిది. తండ్రి మంచాన పడ్డప్పటి నుంచీ డ్యూటీ, ఆసుపత్రి, ఇల్లు అని గానుగెద్దులా తిరుగుతున్నాడు. సంగతి విన్నాడు. హిందీలోనే కడిగేశాడు. రోగులు మీకు ఆటబొమ్మలా అన్నాడు, విదేశాల నుంచి వచ్చినవాళ్ళకి చూపించడానికి మా నాన్నే దొరికాడా అన్నాడు, పైవాళ్ళకి చెప్పి ఈ తమాషా అంతా రేపే ఎత్తించేస్తానన్నాడు. వాడు అన్నదాంట్లో తప్పేముంది?

"ఈ రాగం మీకు ఎవరిచ్చారు?" అన్నాడు చివరికి తెలుగులోకి వచ్చి. "మా నాన్న బతికుండగా ఎవరు తీశారు? పేరు చెప్పండి."

ప్రసన్న కళ్ళు తనకి తెలియకుండానే జోగమ్మ వైపు తిరిగాయి. జోగమ్మ మంచం కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. వద్దు తల్లీ అన్నట్టు తల కొద్దిగా, ఎంతో కొద్దిగా ఆడించింది. పేరు చెప్తే ప్రసన్న బయటపడుతుంది. తప్పంతా ఇంటిమనిషిదే అయిపోతుంది, నోరా ఉంటుంది, వార్డులో బొమ్మలుంటాయి. నాలుక చివరిదాకా వచ్చిన పేరుని ప్రసన్న మింగేసింది. తప్పు నాది మహేష్, విచారించకుండా జోలపాటని చెప్పింది నేనే, ఏం చేసినా నన్ను చెయ్యి అంది. మహేష్ వదల్లేదు. పేరు చెప్పేదాకా కదలనని మంచానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ గుంటనెందుకు పీక్కు తింతావు?" అంది జోగమ్మ ప్రసన్నని చూపించి. "నానే తీసినాను."

జగ్గారావు చెప్పుల్లో పెట్టిన పాదాలు అలాగే ఉంచి భార్యని చూశాడు. ఏళ్ళ తరబడి కాపురం చేసిన మనిషి తను పోకముందే ఏడ్చేసిందా అనుకున్నాడేమో, ఆయన మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది. ఎన్నడూ 'మీరు' దాటని జోగమ్మ ఆ రోజు 'నువ్వు'లోకి దిగింది.

"నీ మీద కాదు. నువ్వు నీల్లొదిలీసినావే, దాని మీద తీసినాను. రజని మీద."

ఆ పేరు ఆ కుటుంబంలో పైకి అనకూడని పేరు. రజని వాళ్ళ కూతురు. గోవింద్‌పూర్‌లో ట్రక్కుల ఫ్యాక్టరీలో పనిచేసే సౌరభ్ అనే సంతాలీ గిరిజన కుర్రాణ్ణి ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. అది తెలిసిన రోజు జగ్గారావు దోముహానీకి పోయి, రెండు నదులు కలిసేచోట మూడు మునకలు వేసి, కూతురు పోయిందనుకుని నీళ్ళు వదిలేసి ఇంటికొచ్చాడు. ఆ గొడవలోనే మహేష్‌కి కుదిరిన సంబంధం కూడా తప్పిపోయింది. ఆ పిల్ల వాళ్ళు అక్క సంగతి చూపించి మాట వెనక్కి తీసుకున్నారు. అప్పటినుంచి వాడు అక్క పేరెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోతాడు. జోగమ్మ మటుకు మాట్లాడలేదు. చచ్చిపోయిందనుకోమన్నారు కాబట్టి, చచ్చినవాళ్ళకి ఏం చెయ్యాలో అదే చేసింది. ఎవరూ లేనిచోట కూర్చుని రాగం తీసుకుంది.

జగ్గారావు పట్టు విడవలేదు. ఎవరి కోసం తీసినా తన తల దగ్గర మోగింది కదా, యముడు పేర్లు చూసుకుని వత్తాడేటి అన్నాడు. బతికున్న మనిషి మీద ఏడిస్తే ఆయుస్సు తరిగిపోద్ది, అది అందరికీ తెలిసిందే అన్నాడు.

"ఏ నోటితో అంతన్నావా మాట?" అంది జోగమ్మ. "యార్డులో కాకి నిన్ను తన్నినప్పుడు ఏటి సేసినావో మరిసిపోయినావా?"

కాకి తల మీద తన్నితే చావు తప్పదని అటువైపు జనం నమ్మకం. విరుగుడు కూడా వాళ్ళ దగ్గరే ఉంది. దూరాన ఉన్న సొంతమనిషికి, ఫలానావాడు పోయాడని అబద్ధపు కబురు పంపాలి. ఆ మనిషి నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో గండం గడిచిపోతుంది. తర్వాత బతికే ఉన్నాడని చెప్పి, తిట్టినన్ని తిట్లూ తినాలి. జగ్గారావు రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా ఉన్న రోజుల్లో టాటానగర్ యార్డులో కాకి తన్నింది. పలాసలో ఉన్న వాళ్ళ అప్పకి, అంటే అక్కకి, కబురు పెట్టించాడు. ఆవిడ వీధిలో పడి దొర్లి ఏడ్చింది. ఆ తర్వాత కొద్దిరోజులకే ఆయన కదులుతున్న రెండు వ్యాగన్ల మధ్య నుంచి చావు తప్పించుకుని బయటపడ్డాడు. మా అప్ప ఏడుపే నన్ను కాసిందని కాలనీ అంతా చెప్పుకు తిరిగాడు. ఇంటికొచ్చిన మేనల్లుళ్ళకి, వచ్చిపోయే చుట్టాలకి, ఆఖరికి ఈ వార్డులో జానకికి కూడా ఆ కథ చెప్పాడు.

బతికున్నవాళ్ళ మీద ఏడిస్తే ఆయుస్సే గానీ చావు కాదని జోగమ్మ గట్టిగా అంది. ప్రసన్నకి ఊపిరాడినట్టయింది. జగ్గారావు తల వంచుకుని ఆలోచించాడు. ఆయన నమ్మకాన్ని తీసుకొచ్చి ఆయన ముందే పెడితే తోసెయ్యడం కష్టమే మరి. కానీ ఆయనా తక్కువవాడు కాదు.

"అప్ప నిజమనుకుని ఏడిసింది. అది నెక్క. ఇప్పుడు అప్ప నేదు. నువ్వు ఏడిసింది నాకు కాదంతన్నావు. మహేష్‌గాడు నా ఎదరే ఉన్నాడు, నాను బతికున్నట్టు ఆడికి తెల్సు. నా మీద నిజంగా ఏడిసీవోల్లు ఇంకెవలున్నారు?"

చెప్పాల్సిన పేరు ఏదో అక్కడ ముగ్గురికీ తెలుసు. జోగమ్మ చెప్పలేదు, మహేష్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చివరికి ఆ మాట జగ్గారావే అన్నాడు. ఎంత చిన్న గొంతుతో అన్నాడంటే, దగ్గరున్న ప్రసన్న కూడా వంగి వినాల్సి వచ్చింది.

"ఆ గుంట ఏడుత్తాదేటి?"

అడిగిన వెంటనే ఆయనే సిగ్గుపడ్డాడు. సిగ్గు దాచుకోవడానికి గొంతు పెంచి, సరే, దానికే కబురెట్టండి అన్నాడు. నేను పోయానని చెప్పండి, ఏడిస్తే రేపు కోతకెళ్తాను, ఏడవకపోతే ఇంటికెళ్తాను, ఇంక నన్నెవరూ ఏమీ అడగొద్దు అన్నాడు. మహేష్ ఒక్క ఉదుటున ఇటు తిరిగాడు. దాన్ని పిలిస్తే నేనుండను అన్నాడు. పిలవడం లేదురా, ఫోనే కదా అన్నాడు తండ్రి. నేను చెయ్యను అన్నాడు మహేష్. జోగమ్మ వల్ల కాదు. అందరి చూపులూ ప్రసన్న మీదికి తిరిగాయి. అడుసు తొక్కింది తనే కాబట్టి కాలు కడుక్కోవలసింది కూడా తనే అన్నట్టున్నాయి ఆ చూపులు.

నోరా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఏం జరుగుతోందో అడిగి తెలుసుకుని, వద్దే వద్దంది. బతికున్న తండ్రి చచ్చాడని కూతురికి చెప్తావా, ఆ అమ్మాయి ఈ క్షణాన్ని జీవితాంతం మోస్తుంది, మా ఆసుపత్రిలో ఇలా చేస్తే మళ్ళీ వార్డు గుమ్మం తొక్కనివ్వరు అంది. అందులో ప్రతి మాటా నిజమే. ప్రసన్నకి ఏడుపొచ్చింది. ముందొక తప్పు తెలియక చేసింది, ఇప్పుడు ఇంకోటి తెలిసి చెయ్యమంటున్నారు. ఈయన ఇవాళ ఇంటికెళ్తే ఆ కబురు త్వరలో నిజమే అవుతుంది నోరా, అప్పుడు ఫోను చెయ్యడానికి నాకు మొహం ఉండదు అని ఎలాగో చెప్పి, ఫోను తీసింది. నంబరు ఎవరి దగ్గరుంది అని అడిగింది.

జోగమ్మ గుక్క తిప్పుకోకుండా అంకెలన్నీ చెప్పేసింది. ఎప్పుడూ నొక్కని నంబరు, నోటికి మాత్రం కంఠతా వచ్చు. జగ్గారావు భార్యని చూశాడు. అందరూ వినేట్టు స్పీకరు పెట్టమని ప్రసన్నకి సైగ చేశాడు.

"హలో, కౌన్?" అంది అవతలి గొంతు. వెనకాల ఎక్కడో కుక్కరు కూస్తోంది.

జగ్గారావుగారి అమ్మాయేనా అని ప్రసన్న అడిగింది. ఔనని వచ్చింది జవాబు, కాస్త ఆగి. ప్రసన్న జగ్గారావు వైపు చూసింది. ఆయన మంచం పట్టె పట్టుకుని, కానియ్ అన్నట్టు తలూపాడు.

"మీ నాన్నగారు పోయారమ్మా," అంది.

అవతల కుక్కరు కూత ఆగింది. స్టౌ ఆర్పినట్టున్నారు. ఎప్పుడు అని అడిగింది రజని. ఇందాకే అని చెప్పింది ప్రసన్న. సరే అంది రజని. ఇంకేమీ అనలేదు. ఏడవలేదు. గొంతులో తడి కూడా లేదు. క్షణాలు గడుస్తున్నకొద్దీ జగ్గారావు మొహంలో నెత్తురు ఇంకిపోతోంది. ఆయన మెల్లిగా వంగి, రెండో చెప్పు సరిగ్గా తొడుక్కున్నాడు. మహేష్ మంచం కింది నుంచి బ్యాగు లాగాడు. జోగమ్మ గోడకి ఆనుకుంది. అయిపోయింది అనుకుంది ప్రసన్న. అబద్ధమూ ఆడాను, మనిషినీ పోగొట్టుకున్నాను అనుకుని ఫోను పెట్టేయబోయింది.

"మేడమ్, ఒక్క మాట," అంది రజని. "మొన్న సాయంత్రం ఆసుపత్రి గేటు దాకా వచ్చాను. నాన్న నా మొహం చూడనన్నారని మహేష్ చెప్తే వెనక్కి వెళ్ళిపోయాను. ఇప్పుడు రావచ్చా? ఇప్పుడైతే ఆయన నన్ను చూడక్కర్లేదు కదా. నేనే చూసుకుని వెళ్ళిపోతాను. కాస్త అడిగి చెప్పండి."

చెప్పండి అన్న మాట సగంలో విరిగింది. తర్వాత వచ్చింది ఏడుపు. దానికి రాగం లేదు, మాటల్లేవు. చిన్నపిల్ల పడి మోకాలు చెక్కుకుంటే ఎలా ఏడుస్తుందో అలా, నాన్నా నాన్నా అంటూ ఏడ్చింది. పక్క మంచాలవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. తెలుగు ముక్క రాని నోరా మొహం చేతుల్లో దాచుకుంది. జగ్గారావు చెయ్యి చాపాడు. ప్రసన్న ఫోను ఆయన నోటి దగ్గర పెట్టింది.

"రాయే తల్లీ. నాను బతికే ఉన్నాను. అబద్దమాడించినాను. వచ్చి తిట్టు."

అవతల ఏడుపు ఒక్కసారి ఆగి, మళ్ళీ అందుకుంది, ఈసారి ఇంకా పెద్దగా. జగ్గారావు చెప్పులు విడిచేసి, కాళ్ళు మంచం మీదికి తీసుకున్నాడు. చొక్కా బొత్తాలు తనే విప్పుకుని, వైర్లు అంటించమ్మా అన్నాడు జానకితో. డాక్టరుబాబుకి కబురంపండి, రేపు నాను సిద్దంగా ఉంటానని అన్నాడు. ప్రసన్న మంచం అంచున కూర్చుండిపోయింది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో ఆమెకే తెలియలేదు. బతికాం అనుకుంది. జానకి వైర్లన్నీ అంటించింది, మిషను మళ్ళీ మామూలుగా కొట్టుకోవడం మొదలెట్టింది.

అప్పుడు తిరిగాడు జగ్గారావు కొడుకు వైపు. మహేష్ బ్యాగు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు.

"ఒరే. దాని మొగం సూడనని నానెప్పుడన్నానురా? అదొచ్చినట్టు నాకు సెప్పినావేటి?"

మహేష్ నేల చూశాడు. ప్రసన్నకి వాడి మీద కోపం పొంగింది. సంబంధం తప్పిపోయిందన్న కక్షతో ఇంత పనికి ఒడిగట్టాడా అనుకుంది. ఆయన్ని ఆయాసపడొద్దని జానకి వారిస్తున్నా జగ్గారావు ఆగలేదు. చెప్పరా అన్నాడు మళ్ళీ, ఈసారి గట్టిగా. మహేష్ తలెత్తాడు. వాడు చూసింది తండ్రిని కాదు, గోడకి ఆనుకున్న తల్లిని.

"నా అంతట నేను చెప్పలేదు నాన్నా," అన్నాడు. "అలా చెప్పి పంపించెయ్యమన్నది అమ్మే."

జోగమ్మ కాదనలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. జగ్గారావు పక్కనున్న మిషను పరుగందుకుంది. జానకి డాక్టరు కోసం పరుగెత్తింది. ఏం చెయ్యాలో తోచక లేచిన ప్రసన్న అప్పుడు చూసుకుంది, తన చేతిలో ఫోను ఇంకా కట్ కాలేదు. అవతల ఏడుపు మాత్రం ఆగిపోయింది.

"అమ్మా?" అంది రజని.